నగరాన్ని బొమ్మల కొలువులా మార్చే ‘మినియేచర్ ఎఫెక్ట్’ ఎలా పనిచేస్తుంది?

విజయవాడలోని ఇంద్రకీలాద్రి పైనుంచి ప్రకాశం బ్యారేజీని ఫోన్‌తో ఫొటో తీశాను. ఎడిటింగ్‌లో రెండు మూడు మార్పులు చేయగానే బ్యారేజీ మీద వెళ్తున్న బస్సులు, ఆటోలు బొమ్మల కొలువులో పేర్చినట్లు కనిపించాయి.

దీన్నే మినియేచర్ ఎఫెక్ట్ లేదా టిల్ట్-షిఫ్ట్ ఎఫెక్ట్ అంటారు. ఒకప్పుడు దీనికి పక్కకు వంచగలిగే ఖరీదైన లెన్సులు వాడేవారు. ఇప్పుడు ఫోన్ చాలు.

మెదడు ఎందుకు పొరబడుతుంది?

చింతగింజను కెమెరాకు బాగా దగ్గరగా పెట్టి ఫొటో తీస్తే, గింజ స్పష్టంగా ఉండి దాని ముందూ వెనకా మసకగా కనిపిస్తుంది. కొండపై నుంచి తీసిన నగరం ఫొటోలో అలా ఉండదు. దాదాపు అంతా స్పష్టంగానే ఉంటుంది.

అందుకే దూరపు దృశ్యానికి పైనా కిందా మసక జోడిస్తే, అవి దగ్గరలోని చిన్న వస్తువులని మెదడు అనుకుంటుంది. మసక తీరును బట్టి వస్తువుల దూరం, పరిమాణంపై మన అంచనా మారుతుందని బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు.

ఎలా చేయాలి?

ఎత్తు నుంచి తీసిన ఫొటో ఎంచుకోండి. బొమ్మలను మనం పైనుంచే చూస్తాం కదా.

స్నాప్‌సీడ్‌లో ‘లెన్స్ బ్లర్’, ఫొటోషాప్‌లో ‘టిల్ట్-షిఫ్ట్’ టూల్ వాడొచ్చు. మధ్యలో సన్నటి అడ్డపట్టీని స్పష్టంగా ఉంచి, పైకీ కిందికీ మసకను క్రమంగా పెంచండి. తర్వాత రంగులు కాస్త పెంచితే ప్లాస్టిక్ బొమ్మల మెరుపు వస్తుంది.

నా మొదటి ప్రయత్నంలో ఒక దీపస్తంభం అడుగు స్పష్టంగా, కొస మసకగా వచ్చింది. రెండూ కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి అక్కడే భ్రమ చెదిరింది. స్తంభం వరకు మసక తీసేశాక సరిపోయింది.

ఎక్కడ వాడకూడదు?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పటి డ్రోన్ ఫొటోపైనా ఇదే ప్రయత్నించాను. పడవలు కాగితపు పడవల్లా, మేడలపై సాయం కోసం చూస్తున్నవాళ్లు మట్టిబొమ్మల్లా మారారు.

ఫొటో అందంగా ఉంది. ఇబ్బంది కూడా అదే. వార్తా ఫొటోలో మసక చేసిన ప్రతిచోటా కొంత సమాచారం పోతుంది. ఇక్కడ పోయింది మనుషుల కష్టం.

ఆ ఎడిట్‌ను డిలీట్ చేశాను. బ్యారేజీ ఫొటోను మాత్రం ‘ఎడిట్ చేసినది’ అని రాసి స్నేహితులకు పంపాను.