చేపలు లేని యేరు

2015 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక కొండయేరు వున్నట్టుండి నారింజపండు రంగుకు తిరిగింది. సిల్వర్టన్ అనే చిన్న వూరికి ఎగువన గోల్డ్ కింగ్ అనే పాడుపడిన బంగారు గని వుంది. ప్రభుత్వ పర్యావరణ సంస్థ మనుషులు దాని ముఖద్వారం దగ్గర తవ్వుతుండగా, లోపల నిలవవున్న నీరు ఒక్కసారిగా బయటపడింది. 30 లక్షల గాలన్లు! సిమెంట్ క్రీక్ అనే వాగులో పడి, అక్కడినుంచి అనిమాస్ నదిలో కలిసింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, నేనూ చూశాను.

చిత్రమేమిటంటే, పరీక్షకోసం ఆ నదిలో బోనులలో వుంచిన ట్రౌట్ చేపపిల్లలు దాదాపు అన్నీ బతికాయి. ఆ నారింజరంగు యినుముది. తుప్పు రంగే అది. చేపల ప్రాణం తీసేవి వేరే వున్నాయి: జింకు, కాడ్మియం, రాగి. ఇవి కొద్దికొద్దిగా కరిగివున్నా నీరు తేటగానే కనిపిస్తుంది. సిమెంట్ క్రీక్‌లో ఆ ప్రమాదానికి ముందే చేపలు లేవు. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

కళాయి పోయిన యిత్తడి గిన్నెలో పులుసు నిలవవుంచితే కిలమెక్కుతుందని మన పెద్దవాళ్ళు ఎరుగుదురు. కొండలోనూ జరిగేది అటువంటిదే. గని తవ్వినప్పుడు గంధకం కలిసిన యినుపరాయికి గాలీ నీరూ తగిలి గంధకామ్లం పుడుతుంది. అది మిగతా లోహాలను కరిగించి యేటిలోకి దింపుతుంది. ఆ కొండలే లోహాలమయం గనక, గనులు రాకముందూ కొంత కారుతూనే వుండేది. గనులు దానిని మరింత పెంచాయి.

చేప మొప్పలతో వూపిరి తీయడమే కాదు, నీటిలోని కాల్షియాన్నీ వాటితోనే తీసుకుంటుంది. జింకూ కాడ్మియమూ ఆ దారినే ఆక్రమిస్తాయి. రాగి వొంట్లోని వుప్పును నిలవనివ్వదు. విషం మరీ యెక్కువైతే మొప్పలమీద జిగురు పేరుకుని వూపిరాడదు. మనం బలానికి మాత్రలుగా మింగే జింకేనండీ యిది! పప్పుడకని బోరునీళ్ళను మనం తిట్టుకుంటాం గాని, అటువంటి సున్నపు నీటిలో ఈ విషానికి పదును తగ్గుతుంది. మంచు కరిగి వచ్చే కొండనీటికి ఆ రక్ష లేదు.

చేపలకంటే ముందే పోయేవి రాళ్ళ అడుగున బతికే మేఫ్లై పురుగులు. వాటిని తిని బతికేది ట్రౌట్. రెక్కలొచ్చి పైకెగిరితే వొడ్డున సాలీళ్ళకూ, పిట్టలకూ అవే ఆహారం. అందుచేత యేరు చెడితే వొడ్డు కూడా పస్తుంటుంది.

అదే రాష్ట్రంలో లెడ్‌విల్ అనే వెండిగనుల పట్టణం కిందుగా ఆర్కన్సా నది పారుతుంది. అక్కడ ఒకప్పుడు ట్రౌట్ మూడేళ్ళు దాటి బతకడం అరుదు. 1992లో గనినీటిని శుద్ధిచేసే కేంద్రాలు రెండు పని మొదలుపెట్టాయి. క్రమంగా పురుగులు తిరిగివచ్చాయి, వాటివెంట చేపలూ వచ్చాయి. 2014లో ఆ నదిలో 160 కిలోమీటర్లకు పైబడిన భాగాన్ని రాష్ట్రప్రభుత్వం మేలురకం ట్రౌట్ నీరుగా ప్రకటించింది. గోల్డ్ కింగ్ నీటికి కూడా 2015 అక్టోబరులో అటువంటి కేంద్రమే పెట్టారు. అయితే వీటిని ఆపడానికి వీల్లేదు. గనిలో తవ్వకం ఆగినా నీరు కారడం ఆగదు గదా.