వెబ్బు పుటల వ్రాఁతకు నియమములు



పింఛను పద్దులను, భూమి దస్త్రములను నేఁడు మనము వెబ్బు పుటలయందుఁ జూచుకొనుచున్నాము. ఆ పుటలను నడపు వ్రాఁతకుఁ గోడని పేరు. దానిని వ్రాయు భాషలలో జావాస్క్రిప్టు ముఖ్యమైనది. ఒక్క పనికై పలువురు కూడి వ్రాయుదురు. అందొకరి పొరపాటు లోకుల మీఁదఁ బడకుండుట యెట్లు? ఇదియే నేఁటి విషయము.

ఒక్క యుదాహరణము. “నిలువ సున్నయా?” అని యడుగుటకు జావాస్క్రిప్టులో మూఁడు సమానచిహ్నములు వ్రాయుట మంచిది. ఏమఱి యొక్కటే వ్రాసినచో నది ప్రశ్న గాక యాజ్ఞ యగును. నిలువ నిజముగనే సున్న యగును! యంత్రము మాఱు పలుకదు. ఇట్టి దోషములను ముందే పట్టు పరికరము లింటరు. లింటనఁగా బట్ట కంటిన నూగు. సీ భాషకై బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సను రచించిన పరికరమునకు మొదట నీ పేరు గలిగెను. జావాస్క్రిప్టునకు నికొలస్ జకాస్ 2013లో నారంభించిన ఈఎస్‌లింటు ప్రసిద్ధము.

రెండవ పరికరము ఫార్మాటరు. 2017లో వెలువడిన ప్రెట్టియరు ఇట్టిది. ఎచట నెంత యెడము విడువవలెనో, వరుస నెచట విఱువవలెనో యిది చూచుకొనును. వేఱుగఁ జెప్పనిచో వరుసకు 80 అక్షరములు దీని కొలత. మొదటిది వ్యాకరణము వంటిది. రెండవది దస్తూరి వంటిది. ఒకే విషయమున రెండును శాసించినచోఁ గలహించును. కావున దస్తూరిని ఫార్మాటరునకే విడువవలెను.

నియమములను ఫైలునందు వ్రాసి, కోడుతోపాటే యందఱకు నందునట్లుంచవలెను. ఈఎస్‌లింటునందుఁ బ్రతి నియమమునకు మూఁడు స్థితులు: విడుపు, హెచ్చరిక, దోషము. హెచ్చరికలు వందలైనచో నెవ్వరును జదువరు. కనుక ముఖ్యమైనవానిని దోషములుగ నిర్ణయించి, దోషమున్న వ్రాఁత తోడివారి వ్రాఁతతోఁ గలియకుండ నడ్డగింపవలెను. పాత కోడునందు నియమములను గొలఁదికొలఁదిగఁ బ్రవేశపెట్టవలెను.

ఇట్లు చేసినచో యెడములను గూర్చిన తగవులు తీఱును. ఒకరి వ్రాఁత నొకరు పరిశీలించునపుడు భావమును గూర్చియే మాటలాడుదురు. అది మిక్కిలి యావశ్యకము. ఏలయన, 60 ఏండ్లని వ్రాయవలసినచోట 65 అని వ్రాసినచో నీ రెండు పరికరములును బట్టఁజాలవు. అది వ్యాకరణదోషము గాదు, అర్థదోషము. దానిఁ గనుఁగొనుట మనుష్యుని పనియే.