పాచికల జమాఖర్చు

పన్నిన ఉపాయం ఫలిస్తే తెలుగువాళ్లు 'పాచిక పారింది' అంటారు. పాచిక పడటం అదృష్టం, ఉపాయం పన్నడం నేర్పు. ఈ రెండింటినీ ఒక్క మాటలో కలిపేసిన ఆ పలుకుబడిని చూస్తే, పాచికలాటలో ఏది ఎంతో విడదీసి చెప్పడం ఎంత కష్టమో మన పూర్వులకు బాగా తెలిసినట్టే ఉంది. వైకుంఠపాళిలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే పడిన సంఖ్య ప్రకారం కాయను నడపడమే తప్ప ఆటగాడు ఆలోచించి నిర్ణయించేదంటూ ఏమీ ఉండదు. చదరంగంలోనూ లేదు, ఎందుకంటే అక్కడ పాచికలే లేవు. పశ్చిమాసియా నుంచి అమెరికా దాకా ఆడే బ్యాక్‌గామన్ మాత్రం సరిగ్గా ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. 24 గళ్ల బల్ల మీద ఇద్దరు ఆటగాళ్లు చెరి 15 కాయలను ఎదురెదురు దిశల్లో నడుపుతూ, ఒంటరిగా దొరికిన ఎదుటి కాయను కొట్టి వెనక్కి పంపుతూ, చివరికి తమ కాయలన్నిటినీ బల్ల మీది నుంచి తీసేయడానికి పోటీపడతారు. తెలుగు పచ్చీసులో కాయ పండటం వంటిదే ఈ తీసేయడం. ఏ సంఖ్యలు పడాలో పాచికలు నిర్ణయిస్తాయి, వాటితో ఏ కాయలను నడపాలో ఆటగాడు నిర్ణయిస్తాడు. గెలిచినవాడు తన తెలివిని, ఓడినవాడు పాచికలను తలచుకోవడం శతాబ్దాలుగా సాగిన వాడుక. ఆ వాదనకు అంకెల్లో తీర్పు చెప్పగల యంత్రం గత నాలుగైదు దశాబ్దాల్లోనే రూపుదిద్దుకుంది.

ఆ కథలో మొదటి పెద్ద సంఘటనే అదృష్టం గురించిన ప్రశ్నతో ముగిసింది. 1979 జులైలో మాంటే కార్లోలో, అప్పుడే ప్రపంచ విజేతగా నిలిచిన ఇటలీ ఆటగాడు లుయీజీ విల్లాను బీకేజీ 9.8 అనే ప్రోగ్రామ్ 7-1 తేడాతో ఓడించి 5,000 డాలర్ల పణం గెలుచుకుంది. ఒక బల్లాటలో ప్రపంచ విజేతను కంప్యూటర్ ఓడించడం అదే మొదటిసారి. ఆ ప్రోగ్రామ్‌ను రాసిన హాన్స్ బెర్లినర్ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త, అంతకుముందు ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ విజేత. ఆట ముగిశాక ఒక్కొక్క ఎత్తునూ తిరగేసి చూసిన ఆయన, పాచికలు తన ప్రోగ్రామ్ పక్షాన పడ్డాయనీ ఎత్తుల నాణ్యతలో విల్లాయే మెరుగనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. గెలిచినవాడే ఇలా ఒప్పుకోవడం అరుదు, మెచ్చుకోదగినది కూడా. అయితే పాచికలు ఎంత సాయపడ్డాయి, విల్లా ఎంత మెరుగు అన్న ప్రశ్నలకు అంకెల్లో జవాబు ఇవ్వగల కొలబద్ద ఆనాడు లేదు.

కొలబద్ద ఎందుకు లేదో తెలియాలంటే ఏం కొలవాలో ముందు తెలియాలి. రెండు పాచికలు వేస్తే పడే సంఖ్యల జంటను తెలుగు ఆటల్లో పందెం అంటారు. పాచికలు 36 విధాలుగా పడగలవు, కానీ 6-2కూ 2-6కూ తేడా లేదు కనుక వేర్వేరు పందాలు 21 మాత్రమే; వాటిలో రెండు సంఖ్యలూ ఒకటే అయిన జోడు పడితే ఆ సంఖ్యను నాలుగుసార్లు నడపవచ్చు. పెద్ద సంఖ్యలు పడితే అదృష్టం, చిన్నవి పడితే దురదృష్టం అనుకుని సగటు పందానికి వచ్చే 8.17 గళ్ల నడకతో పోల్చి చూడటం ఎవరికైనా మొదట తట్టే పద్ధతి. అది తప్పుదారి. ఎదుటి కాయను కొట్టడానికి సరిగ్గా 3 కావలసినచోట 6-6 పడటం శాపమే కావచ్చు. పందెం మంచిదో చెడ్డదో పాచిక ముఖం మీద ఉండదు, బల్ల మీది స్థితిలో ఉంటుంది. కాబట్టి అదృష్టాన్ని కొలవాలంటే ముందు ప్రతి స్థితికీ విలువ కట్టగలగాలి: అక్కడి నుంచి ఇద్దరూ చక్కగా ఆడితే, రాగల పందాలన్నిటి మీదా సగటున ఎన్ని పాయింట్లు చేతికొస్తాయన్నదే ఆ విలువ, దాన్నే ఆటగాళ్లు ఈక్విటీ అంటారు. మామూలు గెలుపు +1, ఓటమి -1. ఎదుటివాడు ఒక్క కాయనైనా తీయకముందే గెలిస్తే అది రెట్టింపవుతుంది. సాధ్యమైన స్థితులు కోటి కోట్ల లక్షలను మించి ఉండగా, ప్రతి ఎత్తు దగ్గరా 21 పందాలూ ఒక్కొక్క పందానికి పదుల సంఖ్యలో ఎత్తులూ కొమ్మలు వేస్తుండగా, చదరంగపు యంత్రాల్లాగా ముందుకు ముందుకు వెతుక్కుంటూ పోయి విలువ కట్టడం ఇక్కడ కుదరదు. చూసిన వెంటనే విలువ కట్టగల కన్ను కావాలి.

ఆ కన్నును తయారుచేసినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జెరాల్డ్ టెసారో. మేటి ఆటగాళ్ల ఎత్తులను ఉదాహరణలుగా చూపి ఆయన నేర్పిన న్యూరోగామన్ 1989లో లండన్‌లో జరిగిన కంప్యూటర్ ఒలింపియాడ్‌లో గెలిచింది గానీ, గురువులను మించలేకపోయింది. తర్వాతి ప్రయోగమైన టీడీ-గామన్‌లో ఆయన గురువులను పక్కనపెట్టాడు. అది ఒక న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఒక చివర స్థితిని అంకెలుగా తీసుకుని, నడుమ వందలు వేల గుణకాలతో వడగట్టి, మరో చివర గెలుపు అవకాశాన్ని అంచనాగా ఇచ్చే గణిత యంత్రం. టీడీ-గామన్‌లో స్థితిని వర్ణించడానికి 198 అంకెలు సరిపోయాయి. మొదట గుణకాలన్నీ గుడ్డిగా వేసినవే కనుక ఆట పిచ్చిగా సాగేది. యంత్రం తనతో తానే ఆడుకుంటూ, ఒక ఎత్తు దగ్గర కట్టిన అంచనాకూ తర్వాతి ఎత్తు దగ్గర కట్టిన అంచనాకూ మధ్య తేడా వచ్చినప్పుడల్లా ముందటి అంచనాను తర్వాతి దానివైపు కొద్దిగా జరుపుకునేది. రిచర్డ్ సటన్ 1988లో సిద్ధాంతంగా రూపొందించిన ఈ పద్ధతిలో, ఆట ముగిసే దాకా ఆగకుండా నడుమ నడుమే పాఠం అందుతుంది.

ఇక్కడ ఒక విశేషాన్ని నిలిచి చూడాలి. వరుసగా వచ్చే రెండు అంచనాల మధ్య తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పాత అంచనా తప్పయితే వస్తుంది. అంచనా నూటికి నూరుపాళ్లు సరైనదైనా, నడుమ పడిన పందెం సగటుకంటే మంచిదో చెడ్డదో అయితే కూడా వస్తుంది. మొదటి భాగం యంత్రానికి పాఠం, రెండోది అచ్చమైన అదృష్టం. ఏ ఒక్క పందెం దగ్గరా యంత్రం ఈ రెండింటినీ విడదీయలేదు, కానీ లక్షల ఆటల మీద అదృష్టం అటూ ఇటూ పడి రద్దయిపోగా పాఠం మాత్రం పేరుకుంటుంది. తర్వాతి కాలంలో అదృష్టాన్ని తూచిన తక్కెడ, అదే అదృష్టపు ఒడుదుడుకుల నడుమ తన ముల్లును సరిచేసుకుందన్నమాట.

3 లక్షల ఆటలు ఆడి తేలిన తొలి ప్రధాన రూపం మేటి ఆటగాళ్లతో 51 ఆటలాడి 13 పాయింట్లు పోగొట్టుకుంది. 15 లక్షల ఆటలతో తీర్చిన 2.1 రూపం, రెండుసార్లు ప్రపంచ విజేత అయిన బిల్ రాబర్టీతో 40 ఆటలాడి ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. అంతకంటే పెద్ద సంగతి, మనుషులే దాని దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆరంభంలో 4-1 పడితే ఆ 1ని ఉపయోగించి తమ అయిదో గడిలో ఒక కాయను ఒంటరిగా దించి తెగించడం నాటి పండితుల అలవాటు. దానికి బదులు వెనుకనున్న రెండు కాయల్లో ఒకదాన్ని ఒక్క గడి జరపడమే మేలని టీడీ-గామన్ చూపగా, కొద్ది కాలంలోనే పోటీల్లో పాత ఎత్తు దాదాపు కనుమరుగైంది.

విలువ కట్టే కన్ను దొరికాక నిర్వచనాలు వాటంతట అవే కుదురుకున్నాయి. పాచికలు వేయకముందు 21 పందాల్లో ప్రతిదానికీ ఉత్తమమైన ఎత్తు వేస్తే వచ్చే ఈక్విటీలకు, జోడుకు ఒక వంతు, మిగిలినవాటికి రెండేసి వంతుల చొప్పున సగటు కట్టాలి. నిజంగా పడిన పందానికి ఉత్తమమైన ఎత్తుతో వచ్చే ఈక్విటీలోంచి ఆ సగటును తీసివేస్తే మిగిలేదే ఆ పందెం అదృష్టం. పందెం పడ్డాక, ఉత్తమమైన ఎత్తు విలువకూ ఆటగాడు వేసిన ఎత్తు విలువకూ ఉన్న తేడా అతని పొరపాటు. మొదటిది పాచికల ఖాతా, రెండోది మనిషి ఖాతా.

ఆట చివరి దశ నుంచి ఒక చిన్న స్థితిని తీసుకుంటే ఈ లెక్కను చేత్తోనే వేయవచ్చు. ఒక ఆటగాడికి అయిదో గడిలో, మూడో గడిలో, రెండో గడిలో ఒక్కొక్క కాయ మిగిలాయి. ఎదుటివాడికి ఒకటో గడిలో మూడు కాయలున్నాయి. మొదటివాడికి 2-1 పడింది. 2తో రెండో గడిలోని కాయను తీసేయడం తేలిక, చిక్కంతా మిగిలిన 1తోనే: అయిదో గడి కాయను దింపితే 4, 3 గళ్లలో కాయలు మిగులుతాయి, మూడో గడి కాయను దింపితే 5, 2 గళ్లలో. నడవవలసిన దూరం రెండింటా ఏడే. ఎదుటివాడికి జోడు పడక ఒక కాయ మిగిలిందనుకుంటే, అతను మళ్లీ పాచికలు వేస్తే గెలుపు ఖాయం కనుక మొదటివాడు తన రెండు కాయలనూ ఒకే విడతలో తీయాలి. 4, 3 స్థితిలో అందుకు పనికొచ్చేవి 36కు 17. 5, 2 స్థితిలో 19. ఈక్విటీగా చూస్తే మొదటిది -0.056, రెండోది +0.056, తేడా 0.111. ఎత్తు వేసే క్షణానికి ఎదుటివాడికి జోడు పడే ఆరో వంతు అవకాశం ఇంకా మిగిలే ఉంది కనుక ఖాతాలో పడే పొరపాటు 0.093.

ఇప్పుడు 5, 2 ఎంచుకున్నవాడు పాచికలు వేస్తే, గెలిపించే ప్రతి పందానికీ అదృష్టం +0.944, ఓడించే ప్రతి పందానికీ -1.056, 19 గెలుపులూ 17 ఓటములూ కూడితే మొత్తం సున్నా. సగటు అదృష్టం ఎప్పుడూ సున్నాయే కావాలన్న నియమం ఇలా కళ్లకు కడుతుంది. ఇంకా గమనించదగినది, ఇక్కడ 6-6కూ 5-2కూ అదృష్టం సరిసమానం. కంటికి ఇంపైన 6-1 మాత్రం 1-1తో సమానమైన దురదృష్టం. ఓడితే, తన వంతు వచ్చిన ఎదుటివాడికి ఏ పందెం పడినా గెలుపే కనుక అతని అదృష్టం ఎంత పెద్ద జోడు పడినా సున్నా.

1990ల నడుమ నార్వేకు చెందిన ఫ్రెడ్రిక్ డాల్ జెల్లీఫిష్ అనే ప్రోగ్రామ్‌ను తయారుచేయగా, ఆ తర్వాత స్విట్జర్లాండ్ నుంచి స్నోవీ అనే మరో ప్రోగ్రామ్ రాగా ఈ లెక్క ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. ఎవరైనా లోపలి రాతను చదవగలిగేలా విడుదలైన గ్నూ బ్యాక్‌గామన్, ఒక పందెం అదృష్టం 0.3 దాటితే అదృష్టమనీ 0.6 దాటితే మహా అదృష్టమనీ గుర్తు వేస్తుంది. 2009లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ గామన్ ఒక్కొక్క నిర్ణయానికి సగటు పొరపాటును 500తో గుణించి ఒకే అంకెగా చూపుతుంది. ఆ అంకె 5కు లోపల నిలబెట్టుకోగలవాళ్లను ప్రపంచ స్థాయి ఆటగాళ్లుగా ఎంచుతారు.

అదృష్టపు లెక్క ఆటగాళ్ల తగవు తీర్చడంతో ఆగలేదు, యంత్రం పనికే ఆయుధమైంది. ఏదైనా స్థితికి నమ్మదగిన విలువ కావాలంటే అక్కడి నుంచి వందలసార్లు ఆడించి ఫలితాల సగటు చూస్తారు, దీన్ని రోలవుట్ అంటారు. మొదటి రెండు పందాలకూ 36ని 36తో గుణించగా వచ్చే 1,296 ఆటలు ఇందుకు వాడుకలో ఉన్న సంఖ్య. ఉత్త ఫలితాల సగటు బాగా ఊగిసలాడుతుంది. ప్రతి ఆట ఫలితంలోంచి ఇద్దరికీ పడిన అదృష్టాన్ని తీసివేసి సగటు కడితే ఊగిసలాట చాలా వరకు అణగిపోయి, కొద్ది ఆటలతోనే నిలకడైన విలువ తేలుతుంది. ఇందులోని అందమేమిటంటే, విలువ కట్టే కన్ను కొంత తప్పుగా చూసినా తీసివేసే అదృష్టపు సగటు సున్నాయే కనుక ఫలితం ఒక పక్కకు ఒరగదు. తప్పు చూపు వల్ల ఊగిసలాట తక్కువగా అణుగుతుంది, అంతే.

1998లో అమెరికాలో జరిగిన కృత్రిమ మేధ మహాసభలో టీడీ-గామన్ మాల్కమ్ డేవిస్ అనే మేటి ఆటగాడితో 100 ఆటలు ఆడి 8 పాయింట్ల తేడాతో ఓడింది. తర్వాత ఎత్తులను రోలవుట్లతో తూచి చూడగా, యంత్రం పొరపాట్లు డేవిస్ పొరపాట్ల కంటే బాగా తక్కువని తేలింది. మాంటే కార్లోలో మెరుగ్గా ఆడిన మనిషి ఓడాడు, ఇక్కడ మెరుగ్గా ఆడిన యంత్రం ఓడింది. రెండోసారి మాత్రం ఆ సంగతి చెప్పడానికి ఎవరి నిజాయితీ మీదా ఆధారపడవలసిన అవసరం రాలేదు.

అయినా ఈ ప్రోగ్రామ్‌లతో ఆడేవాళ్లలో చాలామంది, యంత్రానికి కావలసిన పందాలే పడుతున్నాయనీ, పాచికలు దాని చేతిలోనే ఉన్నాయి కనుక మోసం చేస్తోందనీ గట్టిగా నమ్ముతారు. చేత్తో వేసిన పాచికల సంఖ్యలనే ఎక్కించే వీలును గ్నూ బ్యాక్‌గామన్ కల్పించినా ఆ భావన పూర్తిగా పోదు, ఎందుకంటే అందులో కొంత నిజమైన పరిశీలన ఉంది. నేర్పరి అయినవాడు తనకు పనికొచ్చే పందాలు ఎక్కువయ్యేలా, ఎదుటివాడికి పనికొచ్చేవి తక్కువయ్యేలా కాయలను అమర్చుకుంటాడు. పైన చెప్పిన స్థితిలో 5, 2 గళ్లను ఎంచుకున్నవాడికి 6-2 పడితే రెండు కాయలూ బయటపడతాయి. 4, 3 గళ్లను ఎంచుకున్నవాడికి అదే 6-2 పడితే ఒక కాయ బల్ల మీదే ఉండిపోతుంది. ఆ ఓడినవాడి ఖాతాలో యంత్రం రాసేది రెండు పద్దులు: 6-2 పడినందుకు పాచికల పేర -0.944, అంతకుముందు విడతలో 1ని తప్పుగా నడిపినందుకు అతని పేర 0.093.