ఎత్తి చూడని గేటు

2022వ సంవత్సరము జూలై రెండవ వారమున, నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టునకు ఎగువ అడవులలో కురిసిన వానలకు వఱద పోటెత్తి, సుమారు 3 లక్షల క్యూసెక్కులను మాత్రమే దిగువకు విడువగల ఆ కట్టడము మీదికి 5 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చిపడినప్పుడు, అచ్చటి 18 గేట్లలో 17 పైకి లేచినవి, ఒక్కటి మొరాయించినది. గేట్ల మీదుగా నీరు పొర్లినది. దిగువ గ్రామముల ప్రజలను ముందుగనే తరలించిరి. అందఱును భయపడినట్లు జరుగక, ఆనకట్ట నిలిచినది.

కడెమునకు ఇట్టి పరీక్ష క్రొత్తది కాదు. 1958 ఆగస్టులో, కట్టిన కొలది కాలమునకే, అంచనాకు రెట్టింపైన వఱద కట్ట మీదుగా పొర్లి నూఱు మీటర్లకు మించిన గండి కొట్టినది. పిమ్మట గేట్ల సంఖ్యను పెంచి పునర్నిర్మించిరి. ఇంత అనుభవము గల చోటనే లెక్కలో ఉన్న గేటొకటి అక్కఱకు రాకపోవుటయు, మఱుసటి యేట జూలై వఱదలో మరల కొన్ని గేట్లు లేవకపోవుటయు నన్ను మిక్కిలి ఆలోచింపజేసినవి. వర్షము మన చేతిలోనిది కాదు. గేటు మన చేతిలోనిదే.

కంప్యూటర్లను నమ్ముకొని వ్యాపారము సాగించువారు ఈ వృత్తాంతమును తమదిగా చదువుకొనవలెను. కరీంనగర్ టవర్ సర్కిల్‌లోని బట్టల దుకాణము మొదలుకొని గ్రానైటు ఎగుమతిదారుల కార్యాలయము వఱకు, జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లలోని అడ్తిదారులు మొదలుకొని జిన్నింగు మిల్లుల వఱకు, ఖాతాలన్నియు నేడు ట్యాలీలోనో అట్టి మఱియొక సాఫ్టువేరులోనో ఉన్నవి. బ్యాకప్ ఉన్నదా యని అడిగినచో ఉన్నదనియే చెప్పుదురు. దానిని వేఱొక కంప్యూటరులో తెఱచి, లెక్కలు సరిగా వచ్చుచున్నవో లేవో ఎన్నడైన చూచితిరా యని అడిగినచో సమాధానము రాదు. పెక్కు తావుల ఆ బ్యాకప్ అదే యంత్రమునందలి డీ డ్రైవులోనో, దానికే నిత్యము తగిలించియుండు పెన్‌డ్రైవులోనో ఉండును. యంత్రము పోయిన దినమున అదియు పోవును.

బ్యాకప్ ఉంచు స్థలమును గూర్చిన పాఠమును కూడ 2022 నాటి ఆ వఱదయే చెప్పినది. గోదావరి తీరమున కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునకు చెందిన కన్నెపల్లి, అన్నారం పంపుహౌసులలోనికి నీరు చొరబడి మోటార్లు మునిగినవి. వానిని మరల నడుపుటకు నెలలు పట్టినది. మంచిర్యాలలో మాతాశిశు ఆసుపత్రి నుండి రోగులను తరలింపవలసి వచ్చినది. అంతకు ముందటి సంవత్సరము సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు చెఱువులైనవి. ఇట్టి ఊళ్ళలో సర్వరును నేల అంతస్తులో మెట్ల క్రింద పెట్టి, రెండవ ప్రతిని అదే గదిలోని బీరువాలో దాచుట ఏమి వివేకము?

ఇది చిన్న వ్యాపారుల అజ్ఞానమని తలపరాదు. 2021 మార్చిలో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రము దగ్ధమైనప్పుడు, బ్యాకప్‌ను కూడ అచ్చటనే ఉంచుకొన్న ఖాతాదారులు సర్వమును కోల్పోయిరి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రమునందు బ్యాటరీల నుండి నిప్పు పుట్టి, ఉద్యోగులు దస్త్రములను దాచుకొను జీ-డ్రైవు 858 టెరాబైట్లతో బూడిదయ్యెను. అంత పెద్ద నిల్వకు వెలుపల ప్రతి లేదు. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒకటి మఱియొక ఊరిలో అను పాత సూత్రమును వారెఱుగరని కాదు. ఎఱుగుదురు.

నిప్పును నీటిని మించినది మఱియొకటి కలదు. 2019 మే ప్రారంభమున, దస్త్రములకు తాళము వేసి సొమ్మడుగు రాన్సమ్‌వేర్ తాకిడికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు స్తంభించినవి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములకు కరెంటు నిచ్చు ఉత్తర మండల సంస్థయు వానిలో ఒకటి. రెండు రాష్ట్రముల వ్యవస్థలు ఒకదానితో నొకటి ముడిపడియుండుటచే తెగులు అన్నిటికిని ప్రాకినది. 2024 జూలై చివర సీ-ఎడ్జ్ అను సంస్థ మీద ఇట్టి దాడియే జరిగినప్పుడు, దేశపు చెల్లింపుల వ్యవస్థను నడుపు ఎన్‌పీసీఐ ఆ సంస్థను వెంటనే తన వలయము నుండి వేఱు చేసినది; దాని మీద ఆధారపడిన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు ఆగినను, తెగులు ఇతరులకు ప్రాకలేదు; మఱునాడే సేవలు మరల మొదలైనవి. తెంచవలసిన తీగ ఏదో, తెంచుమని ఆజ్ఞ ఇచ్చు అధికారము ఎవరిదో ముందుగా నిశ్చయించుకొననివారికి ఇట్టి త్వర అలవడదు. తెగులు తీగ వెంట ప్రాకును గనుకనే బ్యాకప్ ప్రతులలో ఒకదానిని నెట్‌వర్కునకు తగులకుండ విడిగా ఉంచుమందురు. కేంద్ర ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము ఇట్టి దాడిని కంపెనీలు 6 గంటలలో ఆ సంస్థకు తెలియజేయవలెను. చేయవలసిన పనులను ఆ 6 గంటలలో కూర్చుండి ఆలోచింప వీలుండదు.

ఆపత్కాలపు ప్రణాళిక యనగానే దట్టమైన ఫైలును ఊహింపనక్కఱలేదు. యజమాని తనకు తానే రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఎంతవఱకు వ్రాసిన లెక్క పోయినను మరల వ్రాసికొనగలను? ఎంతసేపు యంత్రము లేకుండ వ్యాపారము నడుపగలను? వేసవిలో రెండు దినములు ఆగినను జిన్నింగు మిల్లునకు నష్టము లేదు. దసరా దాటి పత్తి బండ్లు బారులు తీరినప్పుడు, కాంటా దగ్గఱ రెండు గంటలు తూకము ఆగినచో రైతులు ఊరుకొనరు. కనుక అప్పటికి గంట గంటకు ప్రతి తీయవలెను. రైతులకిచ్చు లెక్కచీటీలైన తక్‌పట్టీలను చేతితో వ్రాయుటకు అచ్చు పుస్తకములు సిద్ధముగా నుండవలెను. సాఫ్టువేరు వారి ఫోను నంబర్లు, పాస్‌వర్డులు కాగితము మీద వ్రాసి తాళమువేసిన చోట నుండవలెను. కాగితమనిన నవ్వు వచ్చునేమో! 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సాఫ్టువేరు సంస్థ పొరపాటుతో ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు పనిచేయకపోయినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితోనే వ్రాసి ఇచ్చిరి, విమానములు ఎగిరినవి.

ఇక గేటును ఎత్తి చూచుట. వినాయక చవితికిని దసరాకును నడుమ, పత్తి ఇంకను మార్కెట్టునకు రానప్పుడు, ఒక ఆదివారము సర్వరు స్విచ్చి ఆపివేసి, వేఱొక యంత్రములో నిన్నటి ప్రతిని తెఱచి, ఒక రైతు ఖాతాను, ఒక బ్యాంకు నిల్వను సరిచూడవలెను. ఎంతసేపు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవలెను. ఏది చెడినను వచ్చి బాగుచేయు ఆ కుర్రవానిని మాత్రము ఆనాడు సెలవు మీద ఇంటికి పంపవలెను. అతడు లేకుండ మిగిలినవారు ఏమి చేయుదురో చూచుటయే ఆ ఆదివారపు పని.