తపాలా సినిమా ఇక్కడ ఎందుకు నిలవలేదు?

అద్దె సినిమా డిస్కులను తపాలా ద్వారా ఇళ్లకు పంపే వ్యాపారానికి అమెరికాకు చెందిన నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2023 సెప్టెంబరు 29న తెరదించింది. చిట్టచివరి ఎర్ర కవర్లు ఆ రోజున బయలుదేరాయి. 1998లో ప్రారంభించిన నాటి నుంచి 520 కోట్లకు పైగా డిస్కులను పంపినట్లు ఆ సంస్థ లెక్క తేల్చింది. ఇదే పద్ధతిని మన దేశంలోనూ కొన్ని సంస్థలు ప్రయత్నించి చూశాయి. అక్కడ పాతికేళ్లు నడిచిన వ్యాపారం ఇక్కడ కొద్ది సంవత్సరాలకే చతికిలబడింది. నేరం మొత్తాన్ని ఇంటర్నెట్‌పైకి నెట్టడం పరిపాటి అయింది కానీ, అసలు కారణాలు అంతకంటే పాతవి.

పద్ధతి చూడడానికి సులువైనదే. చందాదారు తాను చూడదలచిన చిత్రాల జాబితాను ఇంటర్నెట్‌లో వరుసగా రాసి పెట్టుకుంటాడు. మొదటి మూడు డిస్కులు తపాలాలో ఇంటికి వస్తాయి. ఒకటి చూసి, తిరుగు కవరులో పెట్టి పంపితే, అది చేరగానే జాబితాలోని తరువాతి చిత్రం బయలుదేరుతుంది. గడువు లేదు, ఆలస్య రుసుము లేదు, తిరుగు తపాలా ఖర్చు కూడా సంస్థదే. 2003లో ఇందుకు చందా నెలకు 19.95 డాలర్లు. కొత్తవారికి కొన్నాళ్లు ఉచితంగా రుచి చూపించి, ఆ తర్వాతే చందా వసూలు చేసేవారు. క్యాసెట్టు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చినందుకు షాపులో జరిమానా కట్టి విసిగిన వారికి ఇది పెద్ద ఊరట. తెలుగు చిత్రాల కోసం మాత్రం అక్కడి మనవాళ్లు చాలాకాలం భారతీయ కిరాణా దుకాణాల అద్దె అరలనే నమ్ముకున్నారు.

‘ఎన్నైనా’ అన్న మాటలో మెలిక

అయితే ఉచితంగా చూసిన నెలకూ, చందా కట్టిన తర్వాతి నెలలకూ తేడా ఉందని కొందరు గమనించారు. లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది. 2002 మధ్య నుంచి 2005 చివరి వరకు అమెరికాలో సాధారణ ఉత్తరం తపాలా ధర 37 సెంట్లు. ఆ ధర లెక్కన ఒక డిస్కుకు రానుపోను 74 సెంట్లు. వచ్చిన డిస్కును ఆ రాత్రే చూసి మర్నాడే తిప్పి పంపేవాడు నెలకు 18 చిత్రాలు తెప్పించుకుంటే, తపాలాకే 13 డాలర్లు దాటిపోతుంది. డిస్కు ఖరీదు, జీతాలు పోను మిగిలేది శూన్యం. నెలకు రెండు మూడు చూసేవాడే అసలు లాభదాయకమైన ఖాతాదారు.

ఎక్కువ చూసేవారికి డిస్కులను కావాలనే ఆలస్యంగా పంపుతున్నారని ఆరోపిస్తూ 2004లో కాలిఫోర్నియాలో ఒక చందాదారు కోర్టుకెక్కాడు. తక్కువ తెప్పించుకునే వారికి ప్రాధాన్యం ఇవ్వవచ్చునంటూ 2005 జనవరిలో సంస్థ తన నిబంధనలను సవరించింది. తప్పును అంగీకరించకుండానే అదే సంవత్సరం రాజీకి వచ్చి, చందాదారులకు ఒక నెల అదనపు సదుపాయం ఇవ్వజూపింది.

ఇంత చేసినా ఆ వ్యాపారం నిలవడానికి ఆధారం తపాలా శాఖే. అమెరికాలో పోస్ట్‌మాన్ ఉత్తరాలు ఇచ్చి వెళ్లడమే కాదు, ఇంటి ముందు డబ్బాలో పెట్టిన కవర్లను తీసుకువెళతాడు కూడా. చందాదారు గుమ్మం దాటనక్కర లేదు. ఈ సేవ తపాలా శాఖకు భారమే అయింది. తిరుగు కవర్లు యంత్రాలలో ఇరుక్కుంటున్నందున చేతితో వేరుచేయవలసి వస్తోందనీ, రెండేళ్లలో దీనికి దాదాపు 4.2 కోట్ల డాలర్ల అదనపు ఖర్చయిందనీ 2007లో ఆ శాఖ తనిఖీ విభాగమే తేల్చింది.

మన దేశంలో పోస్ట్‌మాన్ ఇచ్చేవాడే తప్ప పట్టుకెళ్లేవాడు కాదు. అందుచేత బెంగుళూరులో 2000 దశకం మధ్యలో ఆరంభమైన సెవెంటీఎంఎం, 2008లో రంగంలోకి దిగిన రిలయన్స్ వారి బిగ్‌ఫ్లిక్స్ సొంత మనుషులను పెట్టుకుని డిస్కులను ఇంటింటికీ చేర్చవలసి వచ్చింది. తపాలా బిళ్ల ఖర్చు కాస్తా జీతం, పెట్రోలు ఖర్చుగా మారింది. ఫలితంగా సేవ హైదరాబాద్ వంటి పెద్ద నగరాల పొలిమేర దాటలేదు. నిజానికి మంచి సినిమా డిస్కు దొరకక అల్లాడేది చిన్న పట్టణాలవారే.

కొంటేనే చవక

రెండవ దెబ్బ ధర రూపంలో తగిలింది. ఖాళీ డిస్కుల తయారీలో పేరొందిన మోసర్ బేర్ 2007 ప్రాంతంలో సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. దొంగ డిస్కులను ఎదుర్కోవడం ఆ ధరల ఉద్దేశం. మరి ఫుట్‌పాత్ మీద దొంగ డిస్కు, దుకాణంలో అసలు డిస్కు రెండూ ఇంత చవకగా దొరుకుతూంటే నెలనెలా చందా కట్టి అద్దెకు తెచ్చుకునేవారు ఎందరుంటారు? 34 రూపాయల డిస్కు అద్దె వ్యాపారాన్ని దెబ్బతీసింది సరే, మోసర్ బేర్‌ను కూడా కాపాడలేదు. ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఇక చట్టం సంగతి. అమెరికాలో డిస్కును న్యాయంగా కొన్నవారు నిర్మాత అనుమతి లేకుండానే దానిని అద్దెకివ్వవచ్చు. నెట్‌ఫ్లిక్స్ పుట్టింది ఆ వెసులుబాటు మీదనే. మన కాపీరైట్ చట్టం సినిమా విషయంలో అద్దెకిచ్చే హక్కును నిర్మాత చేతిలోనే ఉంచింది, ప్రతి ఒకసారి అమ్ముడైనా సరే. అమెరికా నుంచి తెప్పించిన అసలు డిస్కులను అద్దెకిస్తున్న చెన్నై సినిమా లైబ్రరీ ఒకదానిపై వార్నర్ బ్రదర్స్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2009 ఏప్రిల్‌లో ఈ సూత్రాన్నే నిలబెట్టింది. డబ్బు పెట్టి కొన్న డిస్కే అయినా, అనుమతి లేకుండా అద్దెకిస్తే ఉల్లంఘనేనని స్పష్టం చేసింది. పెద్ద సంస్థలు ఒప్పందాలు కుదుర్చుకోగలవు. అరుదైన విదేశీ చిత్రాలను సొంత అభిరుచితో సేకరించి పంచే చిన్న లైబ్రరీలకు ఆ తాహతు ఎక్కడిది?

2012లో ఈ చట్టాన్ని సవరించారు. నిర్మాత హక్కు వాణిజ్యపరమైన అద్దెకే పరిమితమని చెబుతూ, లాభాపేక్ష లేని గ్రంథాలయాలు, విద్యాసంస్థలు న్యాయంగా సంపాదించిన ప్రతులను ఇవ్వడానికి వీలు కల్పించారు. ఆ వెసులుబాటు చట్టంలో ఇప్పటికీ ఉంది.