సమలింగప్రేమ – మన చిత్రములు

ఇరువురు స్త్రీల ప్రేమను చూపిన 'ఫైర్' చిత్రముపై 1998 డిసెంబరులో బొంబాయి, ఢిల్లీ నగరముల సినిమాహాళ్లలో మూకలు విధ్వంసము సలిపినవి. ఆ బొంబాయియందే 2010లో వెలసిన 'కషిష్' చలనచిత్రోత్సవము సమలింగప్రేమికుల చిత్రములకు నెలవైనది. కాని ఉత్సవమునకు బోవువారిలో పెక్కురు ముందే సానుభూతి గలవారు. మన పాలకొల్లు వాడగు ప్రశాంత్ వర్మ 2018 ఫిబ్రవరిలో 'అ!' చిత్రమున కృష్ణవేణి, రాధల యనురాగమును సామాన్యప్రేక్షకుల యెదుటనే నిలిపెను. అట్టి సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది ఆ పిమ్మట, సెప్టెంబరు 6న. సాహసమే! అయినను, పాత్రలన్నియు ఒక్క స్త్రీ కలతపడిన మనస్సులోనివేయని చిత్రాంతమున తేల్చుట వెనుకంజయని మా యభిప్రాయము. ఆ ప్రేమ మనోవికారమేయను పాత యపవాదునకు అది యూతమగును. రాజమహేంద్రవరమున నిట్టి యుత్సవమొకటి జరిపి, ఆ ప్రేమను నిజమైన సంసారముగనే చూపు తెలుగు చిత్రమును ఆహ్వానింపరాదా?