వీడని ముడి వీడదని యెట్లు తెలియును?

పశువునకు పలుపు కట్టు కాపు మొదలు వల యల్లు జాలరి వఱకు ముడి యెఱుగనివారు మనలో లేరు. ముడి వేయుట యొక నేర్పు, విప్పుట మఱియొక నేర్పు. ఈ రెంటికిని మించిన ప్రశ్న యొకటి కలదు. ఎంత ప్రయత్నించినను ముడి వీడలేదనుకొనుడు. అది మన యసమర్థతయా, లేక ఆ ముడి స్వభావమే యట్టిదా? ఈ సంశయమును దీర్చుటకు గణితమునం దొక శాఖయే కలదు. దానిని ముడుల శాస్త్ర మనవచ్చును.

కొసలున్న త్రాటికి ఎట్టి ముడి వేసినను, కొసను వెనుకకు దూర్చి ఓపికతో విప్పవచ్చును. కావున గణితజ్ఞులు ముడి వేసిన పిదప రెండు కొసలను కలిపి అతికివేయుదురు. అటుపిమ్మట త్రాటిని సాగదీయవచ్చును, మెలిపెట్టవచ్చును, కోయరాదు. ఈ నియమముతో అది వట్టి కడియముగా మాఱినచో ముడియే కాదు. మాఱనిచో నిజమైన ముడి.

1867లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు కెల్విన్ ప్రభువు, పరమాణువులు ఈథరను ద్రవ్యమునందలి ముడివడిన సుడులని ఊహించెను. ఆయన మిత్రుడు స్కాట్లండు పండితుడు టెయిట్ ముడుల పట్టికలను సిద్ధపఱుప మొదలిడెను. ఆ ఊహ నిలువలేదు, పట్టికలు నిలిచినవి. అమెరికాలో లిటిల్ అను పండితుడు ఆ పనిని సాగించెను. ఆతని పట్టికలోని రెండు ముడులు వేర్వేఱని డెబ్బది యేండ్లకు పైగా లోకము నమ్మినది. ఆ రెండును ఒకటేయని కెన్నెత్ పెర్కో అను న్యూయార్కు న్యాయవాది 1974లో ప్రకటించెను. ఒకదానిని రెండవదానిగా మార్చుట ఎవరికిని చేతకాకపోయిన మాత్రమున అది అసాధ్యము కాదు. అసాధ్యమనుటకు నిరూపణము కావలెను.

అట్టి నిరూపణ మొకటి మనవి చేసెదను. ముడి బొమ్మను పలకమీద గీయుడు. పోగును పోగు దాటుచోట, క్రిందుగా పోవు గీతను కొంచెము తెంపి చూపుడు. బొమ్మ కొన్ని ఖండము లగును. ఒక్కొక్క ఖండమునకు ఎఱుపు, పసుపు, ఆకుపచ్చలలో నేదో యొక రంగు వేయుడు. ప్రతి దాటుకడను పైగా పోవునది యొకటి, క్రింద తెగిన కొమ్మలు రెండు కలియును. ఈ మూడును ఒకే రంగుగా నైన నుండవలెను, మూడును మూడు వేఱు రంగులుగా నైన నుండవలెను. మొత్తముమీద రెండు రంగులకు తక్కువ వాడరాదు.

త్రాటిని ఎట్లు కదల్చినను బొమ్మలో గలుగు మార్పులు మూడు విధములకే తేలునని జర్మను పండితుడు రైడమైస్టర్ 1927లో చూపెను: ఒక పోగును మెలిపెట్టుట, ఒక పోగును వేఱొకదానిమీదికి జరుపుట, రెండు పోగులు దాటుకొను చోటు మీదుగా మూడవదానిని జరుపుట. వీనిలో నేది చేసినను, రంగులు కుదిరిన బొమ్మకు కుదురుచునే యుండును, కుదరనిదానికి కుదరవు.

ఇక మనము నిత్యము వేయు ఒంటిముడిని కొసలతికి చూడుడు. మూడు దాటులు, మూడు ఖండములు. ప్రతి దాటుకడను మూడు ఖండములును కలియును. ఖండమున కొక రంగు చొప్పున వేసినచో నియమము చెల్లినది. వట్టి కడియమునకో ఒకే ఖండము, ఒకే రంగు. కావున ఒంటిముడి ఎన్నటికిని కడియము కానేరదు. అయితే రంగులు కుదరనంత మాత్రమున ముడి లేదనరాదు. ఎనిమిదంకెను బోలిన నాలుగు దాటుల ముడికి ఇవి కుదరవు. అదియు నిజమైన ముడియే. దానికి వేఱు పరీక్షలు గలవు.

గొలుసు సంగతియు నిట్టిదే. విడిగా నున్న రెండు కడియములకు చెఱియొక రంగు వేయవచ్చును. ఒకదానిలో నొకటి దూరినచో, ప్రతి దాటుకడను క్రింది కొమ్మలు రెండును ఒకే ఖండమునకు చేరినవి, రంగు ఒకటే. అందుచే పైదానికిని అదే రంగు రావలెను. రెండవ రంగునకు చోటు లేదు. కావున అవి విడిపోవు. ఇటలీయందలి బొర్రోమేయో వంశచిహ్నమున మూడు కడియములు గలవు. వానిలో ఏ రెండును ఒకదానిలో నొకటి దూరియుండవు; అయినను మూడును కలిసి విడిపోవు. ఒక్కటి తెగెనా, తక్కిన రెండును విడివడును. విడి కడియములకు చెల్లు రంగులు వీనికి చెల్లవు.

ఇది వట్టి వినోదము కాదు. అనేక సూక్ష్మజీవులలో వంశలక్షణములను మోయు డి.ఎన్.ఎ. వలయాకారమున నుండును. దాని రెండు పోగులును పలుమాఱులు పెనగొని యుండును. జీవి రెండగుటకు ఆ పోగులు వేఱుపడవలెను. కోయక వేఱుచేయుట అసాధ్యము. కావుననే జీవకణము కొన్ని విశేషద్రవ్యములచే పోగును కోసి, దాటించి, మరల అతుకును. అట్టి ద్రవ్యములలో మొదటిదానిని జేమ్స్ వాంగ్ 1971లో లోకమునకు దెలిపెను. వైద్యులిచ్చు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు సూక్ష్మజీవులలో ఈ పనిని చెఱచియే వానిని చంపును.

మీ యింటి పిల్లలకు పలకయు మూడు రంగుల సుద్దలును ఇచ్చి, ఒంటిముడిని గీయించి చూడుడు. త్రాటిని ముట్టకయే అది వీడదని వారే మీకు చెప్పగలరు.